అటుకులకు ఇంత పెట్టెందుకు?

మా ఇంట్లో సీరియల్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మా అమ్మకు అది రాత్రి ఎనిమిదికి టీవీలో వచ్చేది. మూడో తరగతి చదివే మా చిన్నోడికి పొద్దున పాలల్లో వేసుకుని తినేది. ఒకరోజు స్కూలు ఆటో వచ్చేస్తుందని టెన్షన్ పడుతూ వాడు కొత్త పెట్టె చింపి గిన్నెలోకి వంపుకుంటుంటే, అమ్మ నాలుగు తీసి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, "ఏమి నాయనా, ఇవి మొక్కజొన్న అటుకులే గదా! అటుకులకు ఇంత పెట్టెందుకు?" అంది.

"కాదవ్వా, చాకొలెట్‌వి" అన్నాడు వాడు.

ఇద్దరిదీ నిజమే. పెట్టెలో ఉన్నవి అటుకులు, మేము డబ్బులు పోసింది చాకొలెట్ రుచికి. అనంతపురంలో ఇప్పుడు ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా ఈ పెట్టెలకు ఒక గోడంతా ఇచ్చేశారు. అందులో ఏది కొనాలో తేల్చుకోవాలంటే ముందు అటుకులను, వాటి మీది రుచిని విడదీసి చూడాలి.

అటుకుల సంగతి చూద్దాం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బ్యాటిల్ క్రీక్ అనే ఊళ్లో జాన్ హార్వీ కెలాగ్ అనే డాక్టరు ఒక ఆరోగ్య కేంద్రం నడిపేవాడు. ఉప్పూకారం తగ్గించిన చప్పిడి తిండి మీద ఆయనకు గట్టి నమ్మకం. 1894లో అక్కడ ఉడికించిన గోధుమలు కొన్ని వాడకుండా ఉండిపోయాయి. పారేయడం ఎందుకని రోలర్ల మధ్య పెట్టి నొక్కితే ఒక్కో గింజ ఒక్కో రేకుగా వచ్చింది. కాలిస్తే కరకరలాడింది. తర్వాత గోధుమల చోట మొక్కజొన్న వచ్చింది. తమ్ముడు విల్ కెలాగ్ అందులో చక్కెర కలుపుదామన్నాడు, డాక్టరు అన్న ససేమిరా అన్నాడు. 1906లో తమ్ముడు వేరే కంపెనీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత గెలుపు ఎవరిదో మా సూపర్‌మార్కెట్ గోడే చెబుతుంది. ఆరోగ్యమా, రుచా అనే తగాదా ఈ తిండికి పుట్టుకతోనే వచ్చింది.

తయారీ ఇప్పటికీ దాదాపు అదే. మొక్కజొన్న గింజ మీది పొట్టు తీసేస్తారు. లోపలి మొలక కూడా తీసేస్తారు, అందులో నూనె ఉంటుంది కాబట్టి నిల్వలో ముక్కవాసన వస్తుంది. మిగిలేది చాలావరకు పిండిపదార్థం. దాన్ని చక్కెర, ఉప్పు, మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం) కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆరబెడతారు, లోపలి తడి సమంగా సర్దుకునేదాకా ఆగి రోలర్ల కింద నొక్కుతారు. ఆఖరున బాగా వేడెక్కిన ఓవెన్లో కొద్దిసేపు కాలుస్తారు. ఆ కాల్పులో ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి ఎర్రటి రంగు, కమ్మటి వాసన పుట్టిస్తాయి. దోసె అంచు ఎర్రబడేటప్పుడు పెనం మీద జరిగేదీ ఇదే. లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో దీన్ని వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు.

ఈ పద్ధతి మనకేమీ కొత్త కాదు. బొరుగుల (మరమరాల) బట్టీ దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. ఉప్పు నీళ్లు పట్టించిన ఉప్పుడు బియ్యాన్ని కాలే ఇసుకలో వేసి తిప్పుతారు. గింజలోని తడి ఆవిరై, బయటికి పోయే దారి లేక లోపలినుంచి తోస్తుంది. క్షణాల్లో గింజ ఉబ్బి బొరుగవుతుంది. జొన్న పేలాలది ఇంకాస్త వేరే సంగతి. అక్కడ జొన్న గింజను పొట్టుతో సహా వేయిస్తారు. ఆ గట్టి పొట్టే ఆవిరిని పట్టి ఉంచి, ఇక ఆపలేక పగులుతుంది. పేలాల్లో పొట్టు మనకు మిగులుతుంది, బొరుగుల్లో మిల్లులోనే పోతుంది. తొలి ఏకాదశికి పేలపిండిలో బెల్లం కలిపి పెట్టే మన పెద్దవాళ్లు ఈ తేడా లెక్కేసి పెట్టారని నేను అనను గానీ, ఆ రోజు మనం తింటున్నది పొట్టు పోని ధాన్యం.

పొట్టు గురించి ఇంతగా ఎందుకంటే, ఉడికి, నొక్కుడు పడి, ఉబ్బిన పిండిపదార్థం కడుపులో చాలా త్వరగా గ్లూకోజు అయిపోతుంది. గింజ గట్టిదనమంతా ఫ్యాక్టరీలోనే విరిగిపోయింది కాబట్టి పేగులకు పెద్దగా పని మిగలదు. రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలత ఉంది. అందులో గ్లూకోజుకు 100. మామూలు కార్న్‌ఫ్లేక్స్ 80 దగ్గర ఉంటాయి, పైన చక్కెర చల్లకుండానే. మందపాటి ఓట్స్ ఉడికించి తింటే 55 దగ్గర. అవే ఓట్స్‌ను సన్నగా నలిపి రెండు నిమిషాల్లో అయ్యేట్టు చేసిన ఇన్‌స్టంట్ రకమైతే మళ్లీ 80 దాపులకు పోతుంది. ధాన్యం అదే అయినా, నలగగొట్టిన తీరును బట్టి లెక్క మారిపోయింది. రాగులదీ అంతే. గట్టి సంగటి ముద్ద ఒక తీరు, మెత్తటి పిండితో కాచిన పల్చటి జావ ఇంకో తీరు. షుగర్ ఉన్నవాళ్లు జావ మంచిదని పొద్దున్నే రెండు గ్లాసులు తాగి, మీటరు చూసి కంగారు పడేది ఇందుకే.

మరి బొరుగులూ ఆ బాపతే కదా, కర్నూలు, అనంతపురం జనం రోజూ ఉగ్గాణి తింటారు కదా అంటారా? అయితే అమ్మ ఉగ్గాణి చేసేటప్పుడు పక్కన నిలబడాలి. బొరుగులను నీళ్లలో వేసి, తేలుతుండగానే రెండు చేతులతో పిండి తీస్తుంది. రెండు క్షణాలు ఆలస్యమైతే ముద్దయిపోతాయి. బాణలిలో శెనక్కాయ విత్తనాలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, టమాటా, కరివేపాకు, పసుపు. బొరుగులు వేసి కలిపాక పైన దండిగా పుట్నాల పప్పుల పొడి, దింపాక నిమ్మరసం, కొత్తిమీర. ఇప్పుడు లెక్క చూడండి. శెనక్కాయ విత్తనాల్లో దాదాపు నాలుగో వంతు ప్రొటీన్, సగం నూనె. పుట్నాల పప్పులో ప్రొటీనూ ఉంది, పీచూ ఉంది. ప్రొటీన్, కొవ్వు తోడైతే తిండి జీర్ణాశయంలోంచి నెమ్మదిగా కదులుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగరదు. నిమ్మరసం పులుపూ కొంత నెమ్మది చేస్తుంది, పైగా ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. అంటే రుచీ పచీ లేని బొరుగు కొనుక్కొచ్చి, రుచినీ బలాన్నీ మన చేత్తో చేర్చుకుంటున్నాం. పెట్టె సీరియల్ విషయంలోనూ నేను చెప్పేది ఇదే: చప్పటిది కొనండి, రుచి ఇంట్లో కలపండి.

చప్పటిదాన్ని పట్టుకోవాలంటే పెట్టె తిరగేయాలి. ముందువైపు ఉన్న తేనెటీగ, గోధుమ వెన్ను, పరుగెత్తే పిల్లాడు, వీటితో మనకు పని లేదు. వెనక ఉండే పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని రూలు. రెండో పేరే చక్కెరైతే పెట్టె కింద పెట్టేయండి. కొందరు తెలివిగా చక్కెర, గ్లూకోజ్ సిరప్, తేనె, బెల్లం అని నాలుగు పేర్లుగా విడగొడతారు. అప్పుడు ఒక్కోటీ కొంచెమే కాబట్టి పట్టికలో కిందికి జారిపోతాయి. నాలుగూ కలిపి చూసుకోవాలి. బెల్లం ఉందని మెత్తబడకండి, అందులోనూ ఎక్కువ భాగం చక్కెరే.

తర్వాత అంకెలు. ఎప్పుడూ 100 గ్రాముల గడే చూడాలి. పీచు 6 గ్రాములు దాటితే మంచిది, మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో హై ఫైబర్ అని రాసుకోవడానికి ఉండాల్సింది అదే. చక్కెర 100 గ్రాములకు 22.5 గ్రాములు దాటితే బ్రిటన్లో ఎర్ర గుర్తు వేస్తారు, 5 లోపుంటే పచ్చ గుర్తు. నేనైతే 10 దగ్గర గీత గీసుకున్నాను. ఓట్స్‌లో ఎండు పండ్లు కలిపి అమ్మే మ్యూస్లీలో మాత్రం కిస్‌మిస్, ఖర్జూరం ముక్కల తీపి కూడా మొత్తంలో కలుస్తుంది కాబట్టి అదనపు చక్కెర అని విడిగా రాసిన అంకె చూడాలి. ఇక సోడియం. తీపి తిండిలో ఉప్పేమిటని చాలామంది చూడరు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు. మసాలా ఓట్స్ పాకెట్లు కొనేవాళ్లు ఈ గుణకారం ఒకసారి చేసి చూడండి.

సర్వింగ్ అని 30 గ్రాముల లెక్క పక్కన రాస్తారు, అది పెద్ద మాయ. మా వంటింటి తూకం మీద గిన్నె పెట్టి 30 గ్రాములు పోసి చూపిస్తే మా చిన్నోడు "ఇంతేనా?" అన్నాడు. గిన్నె అడుగు కూడా సరిగా నిండలేదు. మామూలుగా ఎంత పోసుకుంటావో పొయ్యరా అంటే తూకం 62 చూపించింది. చాకొలెట్ రకాల్లో 100కు 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. 62 గ్రాములంటే 18, 19 గ్రాములు, నాలుగు చెంచాల పైమాటే. రోజుకు 2000 క్యాలరీలు తినే పెద్ద మనిషికే 25 గ్రాముల లోపుంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వీడి వాటాలో చాలా మటుకు ఎనిమిదిన్నరకే అయిపోయింది. అదే సాదా కార్న్‌ఫ్లేక్స్ మీద మనమే ఒక చెంచా చక్కెర చల్లినా ఇందులో సగమే అవుతుంది. మన చెయ్యి ఒక చెంచా దగ్గర ఆగుతుంది, ఫ్యాక్టరీ చెయ్యి ఆగదు.

చిరుధాన్యాల పేరు చూసి నేనూ ఒకసారి మోసపోయాను. పెట్టె మీద నిండుగా కొర్ర కంకులు. ఇంటికొచ్చి చదివితే కొర్రల శాతం రెండంకెలు కూడా లేదు, మిగతాదంతా మొక్కజొన్న, బియ్యప్పిండి, చక్కెర. శెనక్కాయ ముంచుకు రాకముందు కొర్ర, జొన్న, అరిక పండించిన సీమ ఇది. నంద్యాల పరిశోధన కేంద్రంలో పుట్టిన కొర్ర రకానికి సూర్యనంది అని పేరు పెట్టుకున్న ప్రాంతం. ఇక్కడ కూచుని కొర్ర బొమ్మకు డబ్బులిచ్చాను. నిజంగా ధాన్యమే కావాలంటే అనంతపురం పాతూరులో విడిగా దొరుకుతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు.

పెట్టె సీరియల్‌కు ఒక మంచి గుణం కూడా ఉంది. చాలావాటిలో ఇనుము, విటమిన్లు కలుపుతారు. పిల్లలతో ఒక సరదా పని చేయొచ్చు. ఇనుము కలిపినవి గుప్పెడు మెత్తగా దంచి, నీళ్లతో ఒక జిప్ కవర్లో పోసి, బయటినుంచి గట్టి అయస్కాంతాన్ని మెల్లగా లాగుతూ పోతే ఒకచోట సన్నటి నల్లటి పొడి చేరుతుంది. అది నిజమైన ఇనుప రజను, కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది. కొన్ని కంపెనీలు ఇనుమును లవణం రూపంలో కలుపుతాయి, అప్పుడు అయస్కాంతానికి ఏమీ అంటదు, నిరాశ పడొద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది కాబట్టి ఈ ఇనుము తీసిపారేసేది కాదు. వెంటనే టీ తాగితే మాత్రం చాలావరకు వృథా.

ఇక రుచి. ఓట్స్ చాలామందికి నచ్చనిది ఆ బంక వల్ల. బీటా గ్లూకాన్ అనే పీచు నీళ్లు తాగి అలా జిగురవుతుంది. అదే జిగురు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, కొత్త పిత్తరసం తయారీకి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుందని తేలింది. కాబట్టి బంకను తిట్టుకోకుండా తగ్గించుకోవాలి. మందపాటి ఓట్స్ తీసుకుని ముందుగా నూనె లేకుండా బాణలిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి, జిగురు తగ్గుతుంది, మయార్ చర్య ఇక్కడా పనికొస్తుంది. ఓట్స్‌తో ఉగ్గాణి మాత్రం ప్రయత్నించకండి, నేను చేసి చూశాను, గోడకు పోస్టరు అంటించుకోవచ్చు. దానికంటే పెరుగులో నానబెట్టి ఆవాలు, ఎండుమిరపకాయ, అల్లం, కరివేపాకు తిరగమాత పెడితే పెరుగన్నానికి చుట్టమైపోతుంది.

తీపే కావాలంటే మచ్చలు పడ్డ అరటిపండు. పచ్చికాయలోని పిండిపదార్థం పండేసరికి చాలావరకు చక్కెరగా మారి ఉంటుంది, పండు కండలోనే ఉంటుంది కాబట్టి చల్లిన చక్కెరతో సమానం కాదు. పులివెందుల అరటి మనకు పక్కనే. యాలకుల పొడి చిటికెడు వేస్తే ఆ వాసనకే నాలుక తీపి ఎక్కువుందని అనుకుంటుంది. చక్కెర వేసినా పాలల్లో కలపకుండా ఆఖరున పైన చల్లండి. అంతటా కరిగిపోయిన తీపి కంటే అక్కడక్కడ తగిలే తీపి ఎక్కువగా తెలుస్తుంది. కరకర కోసం వేయించి పొట్టు ఊదిన శెనక్కాయ విత్తనాలు, చల్లటి పాలు. మన ఇళ్లలో వేడి పాలు పోసే అలవాటుకు ఏ ఫ్లేక్ అయినా రెండు నిమిషాల్లో గుజ్జవుతుంది.

మా వాడి సంగతా? ఒక్కసారిగా మాన్పిస్తే ఊరుకుంటాడా. మొదట మూడొంతులు చాకొలెట్‌వి, ఒక వంతు సాదావి కలిపాం. రెండు వారాలకు సగం సగం. ఇప్పుడు సాదావాటి మీద పైన పది చాకొలెట్ గింజలు లెక్కపెట్టి వేసుకుంటాడు, వాళ్ల అవ్వ చూడనప్పుడు పదిహేను. నాలుక తీపికి అలవాటు పడినట్టే తగ్గిన తీపికీ కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. ఆదివారం మాత్రం ఇంట్లో ఎవరూ పెట్టె తెరవరు. ఆ రోజు ఉగ్గాణి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. బజ్జీ పీల్చిన నూనె లెక్క నేనింతవరకూ వెయ్యలేదు.