ఇంటర్వ్యూ గదిలో తొలిచూపు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేయడం నా పని. హైదరాబాద్‌లో పదహారేళ్లుగా ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చుంటున్నాను. "గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పేస్తాను" అని కొన్నాళ్లు గొప్పలు పోయినదాన్నే.

అపోహ: అనుభవం ఉన్నవారికి ముఖం చూస్తే మనిషి తెలిసిపోతాడు.

వాస్తవం: తెలిసిపోయినట్టు ఉంటుంది, అంతే. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విల్లిస్, తొడొరోవ్ అపరిచితుల ఫొటోలను సెకనులో పదోవంతు సేపు చూపించి, వీరు నమ్మదగినవారా, సమర్థులా అని అడిగారు. తీరిగ్గా చూసినవారు ఇచ్చిన తీర్పులు కూడా చాలావరకు ఇలాగే ఉన్నాయి. ఎక్కువసేపు చూసినకొద్దీ పెరిగింది ముఖ్యంగా తమ తీర్పు మీద తమకున్న ధీమా. అనుభవం నాకిచ్చింది కూడా చాలావరకు ఆ ధీమానేనని నా అనుమానం.

1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, డార్విన్‌ను దాదాపు వద్దనుకున్నాడు. అలాంటి ముక్కు ఉన్నవాడికి ఆ ప్రయాణానికి కావలసిన చురుకు, పట్టుదల ఉంటాయా అని సందేహించాడట. డార్విన్ ఆత్మకథలో రాసుకున్న సంగతే ఇది. ఆ ముక్కుతోనే ఆయన దాదాపు ఐదేళ్ల ఓడ ప్రయాణం పూర్తిచేశాడు.

అపోహ: రూపానికి వేసే మార్కు రూపానికే. పనికి వేరుగానే వేస్తాం.

వాస్తవం: నా పాత మార్కుల కాగితాలు తిరగేసి నేనే సిగ్గుపడ్డాను. ఐదు గడులు: వేషధారణ, మాట తీరు, ఆత్మవిశ్వాసం, లెక్కలు, ఎక్సెల్. మొదటి గడిలో 4 పడినవారికి చివరిదాకా 4లే. వారిలో కొందరిని ఎక్సెల్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఒక అబ్బాయి మాత్రం బాగా గుర్తున్నాడు. కొత్త చొక్కా, పెట్టెలోంచి తీసిన మడతలు అలాగే ఉన్నాయి. కాలరు కింద తీయడం మరిచిపోయిన గుండుసూది మెరుస్తోంది. రెండు బస్సులు మారి వచ్చాడు, వీపంతా చెమట. ఆ గుండుసూదినే చూస్తూ ఆత్మవిశ్వాసం దగ్గర 2 వేశాను, అదే ఊపులో లెక్కల దగ్గరా 2 వేశాను. అప్పటికి అతను తన పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

దీన్ని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే పట్టుకున్నాడు. సైన్యంలో పైఅధికారులు వేసిన మార్కుల్లో దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఒకదాని వెంట ఒకటి నడిచాయి. ఒక గుణం నచ్చితే మిగతావన్నీ నచ్చేస్తాయి. 'హాలో ఎఫెక్ట్' అంటారు.

అపోహ: మాటకున్న విలువ 7 శాతమే. మిగతా 93 శాతం స్వరానిది, హావభావాలది.

వాస్తవం: అమీర్‌పేటలో శిక్షణ పొంది వచ్చే పిల్లలు ఈ అంకెను నాకే అప్పజెబుతుంటారు! దీని మూలం 1967లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రబియన్ చేసిన ప్రయోగాలు. విడి మాటలను వేర్వేరు స్వరాల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడే మనిషిలో ఇష్టం ఉందా, అయిష్టం ఉందా అని అడిగారు. ఇష్టాయిష్టాల వ్యక్తీకరణకు తప్ప ఆ లెక్క వర్తించదని మెహ్రబియనే చెప్పాడు. సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని ఎలా సరిచేశారో వివరిస్తుంటే నేను వినేది మాటలనే.

అపోహ: పైన పటారం, లోన లొటారం. సాదాగా వచ్చినవాడే పనిమంతుడు.

వాస్తవం: ఇదీ బట్టలు చూసి వేసే మార్కే. ఉతికిన చొక్కా వేసుకుని రండి, ఇవతల కూర్చున్నదీ మనుషులే.

అపోహ: పక్షపాతం వద్దని గట్టిగా అనుకుంటే చాలు.

వాస్తవం: ఎంత గట్టిగా అనుకున్నా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. నాకు పనికొచ్చినవి పద్ధతులే. అందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగడం. ప్రతి జవాబుకూ అప్పటికప్పుడే మార్కు వేయడం. రాతపరీక్ష పేపర్లను పేరూ ఫొటో లేకుండా నంబర్లతో దిద్దడం. మన మార్కులు పూర్తయ్యేదాకా పక్కవారి కాగితం చూడకపోవడం. ముందే ఖరారు చేసిన ప్రశ్నల ఇంటర్వ్యూ, పిచ్చాపాటీ ఇంటర్వ్యూ కన్నా పనితీరును మెరుగ్గా అంచనా వేస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. కాస్త విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను.

'ఆత్మవిశ్వాసం' గడిని ఫారం నుంచి తీసేశాం. పోయిన వారం ఒకమ్మాయి తలుపు తోసుకుని లోపలికి రాగానే, నా పెన్ను అలవాటుగా అది ఒకప్పుడు ఉన్న చోటికే వెళ్లింది.