మనకు నచ్చిన గేమ్స్ ఎందుకు నచ్చాయి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని. ఆటలో పాత్ర ఎంత వేగంగా పరిగెత్తాలి, ఎంత ఎత్తుకు ఎగరాలి, దెబ్బ తగిలితే ఎంత వెనక్కి తూలాలి అన్నవి కోడ్‌లో రాయడం నా పని. 2016 నుంచి వచ్చిన వాటిలో నాకు ఇష్టమైనవి అడిగితే సెలెస్ట్, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, హేడిస్, స్టార్‌డ్యూ వ్యాలీ, ఎల్డెన్ రింగ్ అని చెప్తాను. చాలామంది చెప్పే పేర్లే ఇవి. కానీ ఇవి ఎందుకు బాగున్నాయని మాట్లాడుకునేటప్పుడు మాత్రం కొన్ని తప్పు అభిప్రాయాలు పదే పదే వినిపిస్తుంటాయి.

అపోహ: కష్టంగా ఉంటేనే గొప్ప గేమ్. ఆడేవాళ్ల మీద జాలి చూపిస్తే విలువ పోతుంది.

2018 జనవరిలో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన గేమ్ అని పేరు. మాడెలిన్ అనే అమ్మాయి కొండ ఎక్కుతుంటుంది, మనం వందల సార్లు చస్తాం. అయినా కోపం రాదు. ఎందుకో దాని కోడ్ చూస్తే తెలుస్తుంది. మాడెలిన్ కదలికల కోడ్‌ను తయారుచేసినవాళ్లే అందరికీ అందుబాటులో పెట్టారు.

అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు జంప్ బటన్ పనిచేస్తుంది. దీన్ని మా పనిలో కయోటీ టైమ్ అంటాం. నేలను తాకడానికి రవ్వంత ముందే బటన్ నొక్కేసినా గేమ్ దాన్ని గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే ఎగిరిస్తుంది. పైకి ఎగిరేటప్పుడు తల రాతి మూలకు కొద్దిగా తగిలితే అక్కడే ఆపేయదు. నాలుగు పిక్సెల్స్ వరకు పక్కకు జరిపి పైకి పంపించేస్తుంది. ఇవేవీ ఆడేవాళ్లకు కనపడవు. కనపడితే మేం సరిగ్గా చేయనట్టే.

ఇంత తంటా ఎందుకంటే, కన్ను చూసినదానికి వేలు కదిలేదానికి మధ్య కొంత ఆలస్యం ఉంటుంది. కంప్యూటర్ పక్కా లెక్కతో తీర్పు చెప్తే ‘నేను నొక్కాను, ఎగరలేదు’ అని ఆడేవాళ్లకు గేమ్ మీద కోపం వస్తుంది. ఆ ఆలస్యాన్ని గేమ్ సర్దుకుంటే ‘ఈసారి ఇంకాస్త ముందు దూకాలి’ అనిపిస్తుంది. మళ్లీ ఆడతారు. కష్టమైన గేమ్‌కే ఈ కరుణ ఎక్కువ అవసరం అని నేను గట్టిగా నమ్ముతాను.

సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ కూడా ఉంది. వేగం తగ్గించుకోవచ్చు, అసలు చావకుండా కూడా ఆడొచ్చు. 2020లో పూర్తిస్థాయిలో విడుదలైన హేడిస్‌లో గాడ్ మోడ్ పెట్టుకుంటే మనకు తగిలే దెబ్బల తీవ్రత ముందు 20 శాతం తగ్గుతుంది. చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం చొప్పున 80 శాతం దాకా తగ్గుతుంది. ఎల్డెన్ రింగ్‌లో కష్టం తగ్గించే మెనూ లేదు, నిజమే. కానీ తోడుగా ఆత్మలను పిలుచుకోవచ్చు. బాస్ (దారికి అడ్డంగా నిలిచే బలమైన శత్రువు) కొరుకుడు పడకపోతే వేరే దిక్కుకు పోయి బలం పెంచుకుని రావచ్చు. చాలాచోట్ల చచ్చాక బాస్ దగ్గర్లోనే మళ్లీ లేస్తాం. అంటే సులువు చేసుకునే దారులన్నీ ఆ లోకంలోనే ఉన్నాయి, వెతుక్కోవాలి అంతే.

అపోహ: మ్యాప్ ఎంత పెద్దదైతే గేమ్ అంత గొప్పది.

2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కైలో 2 పవర్ 64 గ్రహాలున్నాయి. ఒక్కోదానికి ఒక్క సెకను కేటాయించినా 58 వేల కోట్ల ఏళ్లు పడుతుంది. ఎవరూ కూర్చుని గీయలేదు, సూత్రాలతో కంప్యూటరే పుట్టించింది. విడుదలైన రోజుల్లో జనం పెట్టిన పెద్ద ఫిర్యాదు, చేయడానికి పెద్దగా ఏమీ లేదని. దాన్ని తయారుచేసిన హలో గేమ్స్ వాళ్లు వదిలేసి పోకుండా ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చి దాన్ని నిలబెట్టారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. జనాన్ని వెనక్కి రప్పించింది కలిసి ఆడుకోవడం, ఇళ్లు కట్టుకోవడం లాంటివి. గ్రహాల సంఖ్య మొదటినుంచీ ఉన్నదే.

2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ మ్యాప్ కూడా పెద్దదే. అయితే దాని డిజైనర్లు కొండలను, గుట్టలను త్రికోణాల లెక్కన పేర్చామని చెప్పారు. పెద్దవి దూరం నుంచి దారి చూపిస్తాయి. మధ్యరకంవి ఎదురున్నదాన్ని మరుగు చేస్తాయి. దాన్ని ఎక్కాలా, చుట్టి పోవాలా అని మనమే తేల్చుకోవాలి. ఎటు వెళ్లినా అప్పటిదాకా కనపడనిది ఒకటి బయటపడుతుంది. బస్సులో వెళ్తుంటే చెట్ల వెనక ఊరి గుడి గోపురం కనపడుతూ మాయమవుతూ దగ్గరైనట్టు ఉంటుంది. బాణం గుర్తులు అడుగడుగునా దారి చూపకపోయినా గంటల తరబడి తిరగాలనిపించేది అందుకే.

అపోహ: మంచి గేమ్ అయితే మొదటి రోజే హిట్ అవుతుంది.

అమాంగ్ అస్ విడుదలైంది 2018లో. ప్రపంచమంతా ఆడింది 2020లో.

అపోహ: స్టార్‌డ్యూ వ్యాలీ ఒక్కడే చేశాడు. మనమూ ఉద్యోగం మానేసి చేసేయొచ్చు.

మొదటి సగం నిజం. ఎరిక్ బరోన్ బొమ్మలు, సంగీతం, కథ, కోడ్ అన్నీ ఒక్కడే చేశాడు. 2016 ఫిబ్రవరిలో విడుదలైంది, 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. కానీ దాని వెనక నాలుగున్నరేళ్ల పని ఉంది. ఆ రోజుల్లో అతను ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేశాడు, ఇల్లు గడవడంలో అతని భాగస్వామి సంపాదన ఆసరాగా నిలిచింది. తర్వాత వచ్చిన మల్టీప్లేయర్‌కు (నలుగురూ కలిసి ఆడుకునే ఏర్పాటుకు) వేరేవాళ్లు చేయి వేశారు. నన్ను సలహా అడిగే కుర్రాళ్లకు ఒకటే చెప్తాను. ఉద్యోగం ఉంచుకోండి, ముందు పది నిమిషాల్లో అయిపోయే గేమ్ ఒకటి పూర్తి చేయండి. సెలెస్ట్ కూడా మొదట కొద్ది రోజుల్లో చేసిన చిన్న గేమే.

అపోహ: బగ్స్ (గేమ్‌లో తప్పులు) ఉన్నాయంటే టెస్టర్లు చూడలేదన్నమాట.

ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. టెస్టర్లు సాధారణంగా చూస్తారు. వీడియో తీసి, ఏం చేస్తే వస్తుందో వరసగా రాసి పంపిస్తారు. విడుదల తేదీ లోపు ఏది సరిచేయాలి, ఏది వదలాలి అన్నది టెస్టర్ల చేతిలో ఉండదు. చివరి వారంలో ఒకటి సరిచేయబోతే ఇంకో రెండు చెడే ప్రమాదం ఉంటుంది కాబట్టి తెలిసీ వదిలేసేవి కొన్ని ఉంటాయి. సైబర్‌పంక్ 2077 పాత కన్సోళ్లలో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల్లో) అధ్వానంగా నడుస్తోందని 2020 డిసెంబరులో గొడవైంది. విడుదలైన వారానికే సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది. పాత కన్సోళ్లమీద ఇంకా శ్రద్ధ పెట్టాల్సిందని గేమ్ తయారుచేసిన కంపెనీయే ఒప్పుకుంది. బాల్డర్స్ గేట్ 3 దారి వేరు. మొదటి అంకాన్ని 2020 అక్టోబరులోనే జనానికి అమ్మి, వాళ్ల మాట వింటూ 2023 ఆగస్టులో పూర్తి గేమ్ ఇచ్చారు. దానికీ తర్వాత తప్పులు సరిదిద్దే ప్యాచ్‌లు తప్పలేదు.

ఆడేటప్పుడు మీకు బగ్ కనపడితే ఏ ఫోన్ లేదా కన్సోల్, గేమ్ ఏ వెర్షన్, సరిగ్గా ఏం చేస్తుండగా జరిగింది అన్నది రాసి పంపండి. ‘క్రాష్ అవుతోంది’ అని ఒక్క ముక్క రాస్తే మా దగ్గర అది మళ్లీ జరిగేలా చేసి చూడలేం. జరగనిదాన్ని సరిచేయలేం.