ఆకుపచ్చ ముఖం వెనక లెక్క: ఎక్స్‌ప్రెషనిస్ట్ పోర్ట్రెయిట్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: డ్రాయింగ్ రానివాళ్లకు ఎక్స్‌ప్రెషనిజం (అచ్చమైన పోలిక కంటే లోపలి భావాన్ని మార్చిన ఆకారాలతో, గాఢమైన రంగులతో చూపే శైలి) సులువైన దారి.

"పోలిక రావడం లేదండీ, అందుకే ఈ స్టైల్ నేర్చుకుందామని వచ్చాను" అనే మాట తరచూ వింటుంటాను. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో డీ బ్రూకె అనే ఎక్స్‌ప్రెషనిస్ట్ చిత్రకారుల బృందాన్ని మొదలుపెట్టిన నలుగురూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు. మోడల్ పావుగంటకోసారి భంగిమ మారుస్తుంటే ఆ కాస్త సమయంలోనే బొమ్మ పూర్తిచేసేలా సాధన చేశారు. వాళ్లలో ఒకడైన కిర్‌ష్నర్ 1915లో సైనికుడి యూనిఫాంలో తన బొమ్మ తానే వేసుకున్నాడు. అందులో కుడిచెయ్యి తెగిపోయి ఉంటుంది. నిజానికి ఆయన చెయ్యి పోలేదు. బొమ్మలు వేసే ఆ చెయ్యి లేకుండా పోతుందేమో అన్న భయం ఆ బొమ్మలో నాకు కనిపిస్తుంది. చెయ్యి గీయడం చేతకాని మనిషికి ఆ ఆలోచన తట్టదు.

అపోహ: ఏ రంగు ఎక్కడ వేసినా నడుస్తుంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1905లో తన భార్య ముఖం నడిమధ్యన ఆకుపచ్చ చార వేశాడు. ఆయన్ని ఎక్స్‌ప్రెషనిస్టు అనరు, ఫావిస్టు (సహజ రంగులను పక్కనపెట్టి గాఢమైన రంగులు వాడిన ఫ్రాన్స్ చిత్రకారుల్లో ఒకడు) అంటారు, అయినా ఈ పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ముఖంలో ఒక పక్కను రెండో పక్క నుంచి విడదీసే నీడ పని ఆ చార చేస్తుంది. అందుకే రంగు వింతగా ఉన్నా ముఖం ముఖంలాగే నిలబడుతుంది.

రంగు మీ ఇష్టం. అది ఎంత ముదురు, ఎంత లేత అన్నది మాత్రం వెలుగు చెప్పినట్టే ఉండాలి. చెంప మీది నీడకు ఊదా వేయండి, ముదురాకుపచ్చ వేయండి, సరిపోతుంది. లెమన్ యెల్లో వేస్తే చెంప ఉబ్బిపోతుంది, ఎందుకంటే ఆ రంగు పుట్టుకతోనే లేత. నేను ముందు బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌తో పల్చన చేసి, నీడలు మాత్రమే వేయిస్తాను. వెలుగు పడేచోట గుడ్డతో తుడిపిస్తాను. ఆ తర్వాతే రంగులు. మధ్యమధ్యలో కళ్లు చికిలించి చూడండి, లేదా ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. అందులో ముఖం కనిపించకపోతే తప్పు రంగుది కాదు, టోన్‌ది, అంటే ముదురు-లేతలది.

అపోహ: నలుపు ట్యూబు ముట్టుకోకూడదు.

జర్మన్ చిత్రకారుడు మాక్స్ బెక్‌మన్ బొమ్మలు చూడండి. ఆ నల్లటి గీతలు తీసేస్తే ఏం మిగులుతుంది?

అపోహ: ఆవేశం కనిపించాలంటే మొదటి నుంచీ మందంగా పూయాలి.

ఆయిల్ పెయింట్ నీళ్లలా ఆవిరై ఆరదు. అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన పొర కట్టి, లోపల నెలల తరబడి మెత్తగా ఉండిపోతుంది. అందుకే కింది పొర పల్చగా, నూనె తక్కువగా ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ నూనె, మందం పెంచుకోవచ్చు. తారుమారైతే బీటలు వస్తాయి. ప్యాలెట్ నైఫ్‌తో ముద్దలుగా పెట్టాలన్న కోరిక ఉంటే చివరి సిట్టింగ్‌కు దాచుకోండి, బలం అప్పుడే తెలుస్తుంది.

అపోహ: వాసన లేని థిన్నర్ వాడితే ప్రమాదం లేదు.

వాసన లేకపోయినా ఆవిరి ఉంటుంది, కిటికీలు తెరవండి. ఇంకా ముఖ్యమైనది: లిన్సీడ్ ఆయిల్ (ఆయిల్ పెయింట్‌లో వాడే అవిసె నూనె) అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. వాటిలో వేడి దానంతటదే పుట్టి నిప్పు అంటుకోగలదు. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.