స్కూల్ బ్యాండ్: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళిళ్ళకి ట్రంపెట్ వాయిస్తాను, మిగతా రోజుల్లో వైజాగ్ నుంచి భీమిలి వైపు వెళ్ళి ఒక స్కూల్లో పిల్లలకి బ్యాండ్ నేర్పిస్తాను. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే ఇల్లు గడిచేది ఆ స్కూలు డబ్బులతోనే. తల్లిదండ్రులూ స్కూలు వాళ్ళూ గట్టిగా నమ్మే కొన్ని మాటలున్నాయి, వాటికి జవాబు రాయాలని ఎప్పటినుంచో ఉంది.

అపోహ: పదిహేను రోజులు చాలు, ఆగస్టు 15కి జనగణమన వచ్చేస్తుంది.

జూలై నెలాఖరున ఫోన్ చేసి "మాస్టారూ, స్టోర్ రూమ్‌లో బ్యూగిల్స్ ఉన్నాయి, పిల్లలకి జనగణమన నేర్పేయండి" అంటారు. బ్యూగిల్‌కి అంటే ఆ చిన్న ఇత్తడి బూరకి, స్వరం మార్చే మీటలుండవు. పెదాలు బిగించో వదులు చేసో ఊదితే పలికేవి స, గ, ప, వాటిలో కొన్ని మాత్రం రెండు స్థాయిల్లో. జనగణమన ఎత్తుకోవడమే "స రి గ గ" అని. ఆ రి బ్యూగిల్‌లో లేదు, అంటే రెండో స్వరం దగ్గరే పాట ఆగిపోతుంది, ఎవరొచ్చి నేర్పినా అంతే. మూడు మీటల ట్రంపెట్ ఉండాలి, లేదా ఫ్లూటో క్లారినెట్టో. కొత్తవాళ్ళకి ట్రంపెట్ మీద నాదం నిలకడగా రావడానికే వారాలు పడుతుంది.

ఇక డ్రమ్ములు. బ్యాండ్ జాతీయ గీతం వాయించేముందు డ్రమ్ రోల్ ఎలా ఉండాలో కేంద్ర హోం శాఖ ఉత్తర్వుల్లోనే ఉంది: స్లో మార్చ్‌లో 7 అడుగులు వేసేంత సేపు, మెల్లగా మొదలై, వీలైనంత పెద్దదై, మళ్ళీ తగ్గుతూ ఏడో అడుగు దాకా వినిపించాలి, ఆ తర్వాత ఒక్క బీట్ ఆగి గీతం అందుకోవాలి. రోల్ అంటే కుడి కుడి, ఎడమ ఎడమ, రెండేసి దెబ్బలు, అన్నీ ఒకే బరువుతో. మా ఏడో తరగతి అమ్మాయికి ఎడమ చేతి రెండో దెబ్బ ఎప్పుడూ పీలగా పడేది. పాత టైరు ముక్క మీద ఎడమ చేత్తోనే రోజూ కాసేపు కొట్టించాను, దసరా సెలవుల నాటికి ఏ చేతి దెబ్బో పోల్చుకోలేనంతగా కుదిరింది. దానికి అడ్డదారి లేదు.

అపోహ: ట్రంపెట్ ఊదితే ఊపిరితిత్తులు పాడైపోతాయి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఏమీ కాదు. మొదట్లో కళ్ళు తిరిగినట్టుంటే అది గబగబా గట్టిగా ఊపిరి తీయడం వల్ల, కూర్చోబెడితే సర్దుకుంటుంది. ఆస్తమా ఉంటే డాక్టర్ని అడగండి. నా భయమంతా చెవుల గురించి. రోజుకి 8 గంటల చొప్పున భరించగల శబ్దానికి 85 డెసిబెల్స్ హద్దుగా చెబుతారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. నాలుగు గోడల సిమెంటు గదిలో సైడ్ డ్రమ్ములన్నీ కలిపి కొడితే ఆ స్థాయి దాటడం కష్టమేం కాదు. దయచేసి బ్యాండ్ ప్రాక్టీసుకి గ్రౌండ్ ఇవ్వండి, చెట్టు కిందైనా ఫర్వాలేదు.

అపోహ: ఆడపిల్లలకి ట్రయాంగిలో తాళాలో ఇస్తే చాలు.

అన్నిటికన్నా పెద్దదైన బేస్ డ్రమ్ మోయడానికైనా కావలసింది పిల్లల సైజుకి సరిపడే డ్రమ్మూ సరైన బెల్టూ. అడిగిన వాళ్ళకి ఇస్తాను, అంతే.

అపోహ: చింతపండు పెట్టి తోమితే వాయిద్యాలు కొత్తవాటిలా మెరుస్తాయి.

మెరుస్తాయి, ఆ పైపూత పోయేదాకా. సముద్రపు గాలికి స్క్రూలూ స్ప్రింగులూ ఎలాగూ తుప్పు పడతాయి, పూత కూడా పోయిందంటే ఇత్తడి త్వరగా నల్లబడుతుంది. వాయించాక లోపలి తడి వంచేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మీటలకి వాల్వ్ ఆయిల్ వేయండి చాలు.

అపోహ: నేవీ బ్యాండ్‌లా రావాలంటే మంచి యూనిఫాం కుట్టిస్తే సరి.

తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి ఈ పోలిక తప్పదు. కానీ వాళ్ళకి సంగీతమే ఉద్యోగం, దానికోసమే నేవీకి ముంబైలో సంగీత పాఠశాల ఉంది. యూనిఫాంకి పెట్టే డబ్బుతో ముందు ట్రంపెట్లు బాగు చేయించండి.

అపోహ: బ్యాండ్ మాస్టారు ఏడాదికి రెండుసార్లొస్తే సరిపోతుంది.

ఆగస్టు 15, జనవరి 26 ముందు పిలిచి తర్వాత మానేస్తే పిల్లల పెదాలూ చేతులూ మళ్ళీ మొదటికొస్తాయి. వారానికి రెండు పీరియడ్లు, ఏడాది పొడుగునా టైంటేబుల్లో రాసి పెట్టండి. లెక్కల టీచరుకి ఇచ్చినట్టే నెలనెలా జీతం, సెలవుల్లో కూడా ఇవ్వండి. జూన్‌లో స్కూలు తెరిచిన వారమే పిలవండి, ఆగస్టు 15కి రోల్‌తో సహా జనగణమన వినిపించే బాధ్యత నాది.