తెల్ల మచ్చ కంటే ముందే చెప్పే నీటి నడక

పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. వారి అత్తగారికి శ్రీకాకుళంలో ఎమ్మారై తీయిస్తే, మెదడు తెల్ల పదార్థంలో, అంటే నాడీ తంతువులు సాగే భాగంలో, చిన్న రక్తనాళాల వ్యాధి మార్పులు తెల్ల మచ్చలుగా ఉన్నాయనీ, వాటి తీవ్రత ఫజేకాస్ గ్రేడ్ 2 అనీ రిపోర్టు వచ్చింది. ఆమెకు ఏనాడూ పక్షవాతం రాలేదు, చేయీ కాలూ పడిపోలేదు. అడుగులు మాత్రం చిన్నవయ్యాయి, కూరగాయల లెక్క చెప్పడానికి ఎక్కువసేపు పడుతోంది. దెబ్బ తగలకుండా మచ్చలు ఎలా వచ్చాయన్నది వారి సందేహం.

మెదడు లోతుల్లోకి దిగే ధమనులు చాలా సన్ననివి, ఒకటి సన్నగిల్లితే దాని పని అందుకునే పక్క దారి దాదాపు ఉండదు. ఏళ్ళ తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై బిరుసెక్కుతాయి, రక్తం సరిగా అందదు, గోడల గుండా ద్రవం ఊరుతుంది. నాడీ తంతువుల చుట్టూ ఉండే మైలిన్ పొర అలా నెమ్మదిగా అరిగిపోతుంది కనుక పడిపోయే రోజంటూ ఒకటి ఉండదు.

రిపోర్టులోని మచ్చలు ఫ్లెయిర్ అనే చిత్రంలో కనిపించినవి. మొదట ఒక రేడియో స్పందనతో నీటిలోని ప్రోటాన్ల (హైడ్రోజన్ కేంద్రకాల) అయస్కాంతత్వాన్ని తలకిందులు చేస్తారు. మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో ఆ అయస్కాంతత్వం తిరిగి కోలుకునే దారిలో, సుమారు రెండు, రెండున్నర సెకన్ల దగ్గర, సరిగ్గా సున్నాను దాటుతుంది. ఆ క్షణంలో సంకేతాన్ని పట్టుకుంటే ద్రవం నల్లగా ఉండిపోతుంది, తంతువుల మధ్య చేరిన అదనపు నీరు మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపును 0 నుంచి 3 వరకు అంచనా వేసే పద్ధతిని 1987లో ఫజేకాస్ బృందం ప్రతిపాదించింది. లోపలి తెల్ల పదార్థంలో గ్రేడ్ 2 అంటే చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైందని అర్థం.

అయితే మచ్చ తేలేసరికి నష్టం చాలా దూరం వచ్చి ఉంటుంది. అంతకు ముందు దశను చూపేది 1994లో బాసర్, మాటియెల్లో, లె బిహాన్ వివరించిన డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతి, నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది కూడా అదే. బరంపురంలో పట్టు నేసే ఇళ్ళలో బిగించిన పడుగు మీద ఒక నీటిబొట్టు వేశామనుకోండి: తడి పోగుల వెంట పొడుగ్గా పాకుతుంది, అడ్డంగా పక్క పోగుకు అంత సులువుగా ఎక్కదు. పోగులు కంటికి కనిపించకపోయినా తడి ఆకారాన్ని బట్టి అవి ఎటు సాగి ఉన్నాయో చెప్పవచ్చు. పోగులు తెగి, మధ్య మధ్య సందులు ఏర్పడితే తడి గుండ్రంగా పరుచుకుంటుంది. మెదడులో నీటి అణువు 50 మిల్లీసెకన్లలో దాదాపు 10 మైక్రోమీటర్లు కదులుతుంది. ఎదురెదురు అయస్కాంత ప్రవణతలు (చోటును బట్టి బలం మారే అయస్కాంత క్షేత్రాలు) రెండింటిని వెంటవెంటనే వేస్తే, కదలని అణువు విషయంలో ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది, కదిలిన అణువు వల్ల సంకేతం తగ్గుతుంది. కనీసం ఆరు దిశల్లో ఇలా కొలిచి తడి ఆకారాన్ని గణిస్తారు: పూర్తిగా గుండ్రమైతే 0, ఒకే దిశలో సాగితే 1కి దగ్గర. ఫ్లెయిర్‌లో ఆరోగ్యంగా కనిపించే చోట కూడా చిన్న రక్తనాళాల వ్యాధిలో ఈ అంకె తగ్గి, నీటి సగటు కదలిక పెరగడం గమనించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పడుగూ పేకా రెండూ ఉన్న నేసిన గుడ్డ మీద తడి చెక్కుచెదరని గుడ్డలోనే రెండు వైపులా పాకుతుంది. అలాగే తంతువులు ఒకదాన్నొకటి దాటే చోట అంకె తక్కువ ఉన్నంత మాత్రాన నష్టమని చెప్పకూడదు, సగటు కదలికనూ కలిపి చూడాలి. ఈ కొలత ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనల్లోనే వాడుకలో ఉంది.

అడుగు తడబడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించడం మన సరిహద్దు ఊళ్ళలో ఉన్నదే. తాయెత్తు మీద తగవు పెట్టుకోవడం కంటే, దాన్ని కట్టించిన రోజే రక్తపోటు కూడా చూపించమని నచ్చజెప్పడం మేలని నా నమ్మకం. అసలు ప్రమాదం ఆ ధీమాతో బీపీ మాత్ర మానేయడంలో ఉంది.

మాత్రకు ఎంత విలువ ఉందో 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అనే రక్తపోటు అధ్యయనం ఫలితాలు చూపాయి. పై రక్తపోటును 120 లోపు ఉంచాలని చికిత్స చేసినవారిలో సుమారు నాలుగేళ్ళకు మచ్చల పరిమాణం 0.92 ఘన సెంటీమీటర్లు, 140 లోపు చాలనుకున్నవారిలో 1.45 పెరిగింది. ఆ అధ్యయనంలో మధుమేహం ఉన్నవారినీ, పక్షవాతం వచ్చినవారినీ చేర్చలేదు, కనుక మీ అత్తగారికి ఏ లక్ష్యం తగునో డాక్టరే నిర్ణయించాలి. ఇంత చిన్న తేడా నాలుగు మెట్ల ఫజేకాస్ కొలతకు అందకపోవచ్చు. మళ్ళీ స్కాన్ తీయించవలసి వస్తే పాత ఫిల్ములూ సీడీ వెంట తీసుకువెళ్ళి, వీలైతే అదే యంత్రం మీద తీయించండి.