ఎం-బుక్ చేతికిచ్చారు, మట్టి పరీక్ష మాత్రం నేర్పలేదు

వానలు పడితే చాలు, కోవెలకుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా నల్లరేగడి పల్లెల్లో ఒకటే రచ్చ. నిన్నగాక మొన్న వేసిన సీసీ రోడ్డుకు బీటలు, సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు మెమో. రోడ్డు వేసింది ఎవరైనా, ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతల పుస్తకంలో, లెక్కలు రాసినవాళ్లే ముందు దొరుకుతారు.

73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు రోడ్లు రావడం పాత కథే. అసలు మలుపు 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలవడం. అప్పటిదాకా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఒక్కడే మండలమంతా తిరిగేవాడు. ఇప్పుడు సివిల్ చదివిన కుర్రాళ్లు ఊరి దగ్గరికే వచ్చారు. అయితే మొదట్లో వాళ్ల మీద పడినవి ఎక్కువగా భవనాలే: ఉపాధి హామీ నిధులతో సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు, హెల్త్ క్లినిక్‌లు. టార్గెట్ల టెన్షన్‌లో పునాది, పిల్లర్, శ్లాబు నేర్చుకున్నామే తప్ప రోడ్డు కింద మట్టి సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదని వాళ్ల మాట. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం పల్లె పండుగ పేరుతో సీసీ రోడ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది; పైన రోడ్డు బీటలిచ్చేది అందుకే. నిజానికి మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష పెద్ద పనేం కాదు. రెండు గాజు సిలిండర్లలో పదేసి గ్రాముల పొడి మట్టి వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి ఒక రోజు వదిలేయాలి. నీళ్లలోది కిరోసిన్‌లోదానికంటే 50 శాతం మించి ఉబ్బితే ఆ మట్టిని రోడ్డు కట్టకు వాడకూడదు. అలాంటి నేల మీదే వేయాల్సి వస్తే మట్టి మార్చాలి, లేదా సున్నంతో శుద్ధి చేయాలి. రెండూ ఖర్చే. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు సిమెంటు, నాపరాళ్ల లారీల బరువు దీనికి అదనం.

'సాయిల్ మెకానిక్స్ చదివారు కదా' అని పై అధికారులు అంటారు. చదివారు, సరే. మండలంలో ల్యాబ్ ఎక్కడుంది?

2000లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఈ తంటా తక్కువ. వాటి డీపీఆర్‌ను (సమగ్ర ప్రాజెక్టు నివేదికను) ఇంజినీరింగ్ కాలేజీల్లాంటి బయటి సాంకేతిక సంస్థలు చూస్తాయి, రాష్ట్ర, జాతీయ నాణ్యతా పరిశీలకులు వస్తారు, ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే. ఊళ్లో వీధి రోడ్డుకు అంత బందోబస్తు లేదు.

అసిస్టెంట్లు అడుగుతున్నది ఒక్కటే: ఎస్టిమేట్‌కు మట్టి రిపోర్టు జత చేయకపోతే సాంకేతిక అనుమతి ఇవ్వొద్దని. ఆ అనుమతి మీద సంతకం మాత్రం వాళ్లది కాదు.