“పబ్లిషర్ తీసుకున్నాడు, ఇక సెటిల్ అయినట్టే”: బ్యాండ్ కంపోజర్ల విషయంలో అపోహలు – వాస్తవాలు

మొన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. ఒక బ్యాండ్ పీస్ అచ్చు కోసం మ్యూజిక్ పబ్లిషర్ పంపిన నాలుగు పేజీల కాంట్రాక్టు, చివరి పేజీలో సంతకం చోటు ఖాళీ. కింద ఒకే లైను: “అన్నా, రేపటిలోగా పంపమన్నారు. పెట్టేయనా?” పంపింది ఇక్కడ డాలస్ దగ్గర మ్యూజిక్‌లో మాస్టర్స్ చేస్తున్న తెలుగు కుర్రాడు. ఈ ఏడాది నాకు ఇలాంటి మెసేజ్ రావడం ఇది మూడోసారి. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను, ఇకమీదట లింకు పంపేస్తాను.

ముందు చిన్నవి తేల్చేద్దాం.

“బ్యాండంటే పెళ్లి బ్యాండా?” కాదు. అయినా పెళ్లి ఊరేగింపులో రెండు కిలోమీటర్లు నడుస్తూ క్లారినెట్ వాయించే మనిషికున్న దమ్ము ఇక్కడి పిల్లలకుంటే నా పని సగం తగ్గేది. నేను రాసేది విండ్ బ్యాండ్‌కి. ఫ్లూట్లు, క్లారినెట్లు, సాక్సఫోన్లు, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాయిద్యాలు), పర్కషన్ (డ్రమ్ముల్లాంటివి) ఉంటాయి, వయొలిన్లు ఉండవు.

“ఆర్కెస్ట్రాకి రాయలేనివాళ్లు బ్యాండ్‌కి రాస్తారు.” ఇంగ్లిష్ కంపోజర్ హోల్స్ట్ 1909లోనే మిలిటరీ బ్యాండ్ కోసం సూట్ (కొన్ని చిన్న భాగాల వరుస) రాశాడు. జర్మనీలో పుట్టిన కంపోజర్ హిండెమిత్ 1951లో బ్యాండ్‌కి సింఫనీ రాశాడు. ఈ మాట అనేవాళ్లు వీళ్లిద్దరి పేర్లూ విని ఉండరు.

“స్కూలు పిల్లలకి రాయడం ఏముంది, నాలుగు స్వరాలు వేస్తే చాలు.” ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కంపోజర్లలో ఒకడైన షోన్‌బర్గ్ అంతటివాడు స్కూలు బ్యాండ్ల కోసమని 1943లో థీమ్ అండ్ వేరియేషన్స్ రాస్తే, అది చాలా స్కూళ్లకు కొరుకుడు పడలేదు. నా సంగతి ఇంకా ఘోరం. ఆరో తరగతి బిగినింగ్ బ్యాండ్‌కి మోహనలో చిన్న పీస్ రాశాను. మొదటి ఏడాది పిల్లలు నేర్చుకునే ఆరు స్వరాల్లో మధ్యమం ఒక్కటి తీసేస్తే మిగిలేది మోహనే. మన రాగం వాళ్ల పాఠ్యపుస్తకంలోనే దొరికిందని తెగ మురిసిపోయి, చివర్లో ధైవతం మీంచి పైషడ్జానికి తీసుకెళ్లి ఆపాను. రిహార్సల్‌లో పద్నాలుగు క్లారినెట్లు ఒక్కసారిగా కీచుమన్నాయి. క్లారినెట్‌లో సరిగ్గా అక్కడే ‘బ్రేక్’, అంటే కింది స్థాయి నుంచి పైస్థాయికి మారే చోటు, ఉంటుంది. ధైవతానికి దాదాపు అన్ని రంధ్రాలూ తెరిచి ఉంటాయి, పైషడ్జానికి వచ్చేసరికి అన్నీ మూసి, పైగా బొటనవేలితో రిజిస్టర్ కీ నొక్కాలి. పదకొండేళ్ల పిల్లల వేళ్లు అంత సాగవు. డైరెక్టర్ ఏమీ అనకుండా నా స్కోర్‌లో చివరి బార్ (మన ఆవర్తం లాంటిది) పెన్సిల్‌తో కొట్టేసి కింది షడ్జం రాశాడు. అలాగే అచ్చయింది కూడా.

ఆ అచ్చు దగ్గరికే వస్తున్నాను. అందరినీ ముంచే అపోహ అదే.

“పెద్ద పబ్లిషర్ తీసుకుంటే చాలు.” ఆ మోహన పీస్ ఒక పబ్లిషర్ తీసుకున్నప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఆ వారం ఇంట్లో స్వీట్లు పంచాం. కాంట్రాక్టు చదివానా అంటే, పేరు స్పెల్లింగ్ సరిగా ఉందో లేదో చూశాను, అంతే. అందులో ఉన్నది కాపీరైట్ పూర్తిగా వాళ్లకు రాసివ్వడం, బదులుగా సెట్ (స్కోరు, వాయిద్యాల పార్టులన్నీ కలిపి) ధరలో పది శాతం రాయల్టీ. అది మోసమేం కాదు, ఈ రంగంలో మామూలు రేటే. సెట్ ధర 50 డాలర్లు, నాకు వచ్చేది 5. మొదటి ఏడాది చెక్కు 415 డాలర్లు, అంటే 83 సెట్లు. రెండో ఏడాది నలభై లోపే. ఆరో ఏడాదికి కేటలాగ్‌లోంచే తీసేశారు.

తర్వాత ఒకసారి డిసెంబర్‌లో షికాగోలో జరిగే బ్యాండ్ డైరెక్టర్ల సదస్సు మిడ్‌వెస్ట్ క్లినిక్‌లో ఒక డైరెక్టరమ్మ నా బ్యాడ్జి చూసి ఆగింది. “దీపావళి కాన్సర్ట్‌కి మీ మోహన పీస్ కోసం అంతా వెతికాను, ఎక్కడా దొరకట్లేదు. ఒక కాపీ పంపిస్తారా?” పీడీఎఫ్ నా లాప్‌టాప్‌లోనే ఉంది. పంపే హక్కు నాకు లేదు. పబ్లిషర్‌కి మెయిల్ పెడితే ‘పర్మనెంట్లీ అవుట్ ఆఫ్ ప్రింట్’ అని జవాబు. వాళ్లు అమ్మరు, నన్ను అమ్ముకోనివ్వరు. రాసిచ్చిన హక్కును, ముందుగా నోటీసు ఇచ్చి, 35 ఏళ్ల తర్వాత వెనక్కి తీసుకునే వీలు అమెరికా చట్టంలో ఉంది. అప్పటికి నాకు అరవై రెండు.

పబ్లిషర్లంతా దొంగలని నేననను. అమెరికా కంపోజర్ ఫ్రాంక్ టికెలీ బ్యాండ్ రచనలు చాలావరకు మాన్‌హాటన్ బీచ్ మ్యూజిక్ అనే పబ్లిషర్ నుంచే వచ్చాయి, ఆయనకేం లోటు జరగలేదు. గ్రేడ్ 1, 2 పీసులైతే (గ్రేడ్ అంటే కష్టం స్థాయి, ఇవి తేలికవి) వేల స్కూళ్లకు కేటలాగ్, రికార్డింగ్ పంపడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు, అక్కడ పబ్లిషర్ ఉండాల్సిందే. పెద్ద గ్రేడ్ల లెక్క వేరు. అమెరికా బ్యాండ్ కంపోజర్ జాన్ మాకీ తన రచనలు ఓస్టీ మ్యూజిక్ పేరుతో తనే అమ్ముకుంటాడు. నెదర్లాండ్స్‌కి చెందిన కంపోజర్ యోహాన్ డె మెయ్‌కి ఆమ్‌స్టెల్ మ్యూజిక్ అని సొంత సంస్థ ఉంది. మీరు ఎటు వెళ్లినా సరే, కాంట్రాక్టులో ఒక్క వాక్యం అడగండి: అచ్చు ఆపేస్తే ఇన్ని నెలల్లోపు హక్కులు కంపోజర్‌కి తిరిగి రావాలి. అడిగినంత మాత్రాన ఎవరూ తలుపు వేసేయరు.

“వాయించినప్పుడల్లా డబ్బు వస్తుంది.” స్కూలు కాన్సర్ట్‌కి టికెట్ లేకుండా, వాయించేవాళ్లకూ నిర్వాహకులకూ పారితోషికం లేకుండా ఉంటే పెర్ఫార్మెన్స్ రాయల్టీ కట్టక్కర్లేదని అమెరికా చట్టమే మినహాయింపు ఇచ్చింది. అంటే స్కూలు బ్యాండ్ల నుంచి ఆ లైన్‌లో వచ్చేది దాదాపు సున్నా.

“డబ్బిచ్చి రాయించుకున్నారు కాబట్టి పీస్ వాళ్లదే.” రాతపూర్వకంగా రాసిస్తే తప్ప కాదు. కమిషన్ ఫీజు అంటే రాసినందుకు, మొదట వాయించే అవకాశం ఇచ్చినందుకు కట్టేది. నా పోయినేటి కన్సార్షియంలో (కొన్ని స్కూళ్లు కలిసి ఒక పీస్ రాయించుకోవడం) 20 స్కూళ్లు తలా 300 వేసుకున్నాయి. ఆ 6,000 డాలర్లు నాకు ఏడాది రాయల్టీ చెక్కులన్నిటికంటే ఎక్కువ, కాపీరైట్ కూడా నాదే.

“నాలుగు బార్ల వరకు సినిమా పాట వాడుకోవచ్చు.” అలాంటి రూలేమీ లేదు. ఎవరు పుట్టిస్తారో ఇవి. అనుమతి తీసుకోండి.

ఇక అమ్మానాన్నలు. సంక్రాంతి పార్టీలో ఒకావిడ పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు: “మావాడు యూఫోనియం (బ్యాండ్‌లో ఒక ఇత్తడి వాయిద్యం) తప్ప ఇంకేం వద్దంటున్నాడండీ, వాడికి తిండి దొరుకుతుందా?” నవ్వాల్సిన ప్రశ్న కాదది, మా అమ్మా అడిగింది. నిజం చెప్పాలంటే ఎక్కువమంది బ్యాండ్ కంపోజర్లకు ఇంకో ఉద్యోగం ఉంటుంది. టికెలీ ఏళ్ల తరబడి యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పాడు. ఇంకో అమెరికా కంపోజర్ డేవిడ్ మస్లాంకా 1990లో కాలేజీ ఉద్యోగం వదిలి మోంటానా వెళ్లి కమిషన్ల మీదే బతికాడు, కానీ అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు, వెనకాల బోలెడు రచనలున్నాయి. నేను సోమవారం నుంచి గురువారం దాకా మిడిల్ స్కూల్లో క్లారినెట్ చెప్తాను. ఆవిడకు ఇదే చెప్పాను. టెన్షన్ మొత్తం పోలేదు గానీ, పిల్లాడికి మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ సంగతి కనుక్కుంటానన్నారు.

కుర్రాడికి ఆ రాత్రి రాసిన జవాబు ఇంతే: “పెట్టకు. మూడో పేజీ, ఆరో క్లాజ్ చదివి పొద్దున్నే ఫోన్ చెయ్.” చేశాడు. హక్కులు తిరిగొచ్చే వాక్యం చేర్చమని పబ్లిషర్‌ని భయపడుతూనే అడిగాడట. పద్దెనిమిది నెలలకు ఒప్పుకున్నారు. పీస్ గ్రేడ్ 2, హిందోళంలో రాశాడు. క్లారినెట్ పార్ట్ ఒకసారి పంపమన్నాను.